మట్టిగుట్ట మీద సైకిళ్ళు

ఆ ఎండాకాలం మా దుకాణం ముందు సైకిళ్ళ కంటే మోపెడ్లే ఎక్కువగా ఆగేవి. మరమ్మతుకు కాదు, గాలి కొట్టించుకోవడానికి. మా ఆయన మన్సూర్ పంపు పట్టుకుని వంగి గాలి కొడుతుంటే మోపెడ్ మీద ఉన్నవాళ్ళు కిందికి దిగేవాళ్ళు కూడా కాదు. పందొమ్మిది వందల తొంభై అయిదు నాటి సంగతి.

గోదావరిఖనిలో బొగ్గు బావులు మొదలైన రోజుల్లో మా మామ పెట్టిన సైకిల్ టాక్సీ మాది. గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చేవాళ్ళం, రిపేర్లు చేసేవాళ్ళం. ఒకప్పుడు షిఫ్టు మారే వేళ రోడ్డు నిండా సైకిళ్ళే ఉండేవట. నేను కోడలిగా వచ్చేసరికే అవి పలచబడ్డాయి. మామ పోయాక దుకాణం మన్సూర్ చేతికి వచ్చింది. దుకాణం వెనకే ఇల్లు, రెండింటికీ మధ్య ఒక పచ్చ పరదా. పెళ్ళయి పదిహేనేళ్ళయినా నేను ఆ పరదా దాటి దుకాణంలో కాలు పెట్టలేదు. వెనక నిలబడి ఏ పానా ఏ డబ్బాలో ఉందో చెప్పేదాన్ని, అంతే.

ఏప్రిల్‌లో ఎల్లేశం వచ్చాడు. కొత్తగా మోపెడ్ల ఏజెన్సీ తెచ్చుకున్న మనిషి. చౌరస్తా మూల మీద ఉన్న మా జాగా అతని కంట్లో పడింది.

"మన్సూర్ భాయ్, గీ జాగ నాకు కిరాయికియ్యి. షోరూం పెడ్త. మెకానిక్‌వు నువ్వే, నెలనెల జీతమిస్త. సైకిల్ గీకిల్ ఇంకెవడు తొక్కుతడు చెప్పు?"

"ఆలోచించి చెప్త సేటు."

"మంచిగ ఆలోచించు. వానలు పడేలోపల బోర్డు పెట్టాలె నేను."

అతను వెళ్ళాక మన్సూర్ చాలాసేపు పంపు పక్కనే కూర్చున్నాడు. నేను పరదా సందులోంచి చూశాను. ఒప్పుకుంటాడనే అనుకున్నాను.

ఆ వారంలోనే అద్దెకు పోయిన సైకిళ్ళు వంకర్లు పోయి రావడం మొదలైంది. రిమ్ములు సొట్టలు, పుల్లలు విరిగి, ఫోర్కు వంగి. అన్నీ తీసుకెళ్ళింది కొమురెల్లి, అతని దోస్తులు. కొమురెల్లి బొగ్గు బావిలో పనిచేసే రాయమల్లు కొడుకు. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు.

"దీన్ని తొక్కినవా, దీంతోని పొలం దున్నినవార?" అని అడిగాడు మన్సూర్.

"మట్టిగుట్ట మీదికెల్లి దిగుతున్నమన్నా," అన్నాడు కొమురెల్లి, తప్పు చేసినట్టు కాకుండా గొప్ప చెప్పుకున్నట్టు.

మా ఊరికి గుట్టలంటే మట్టిగుట్టలే. ఓపెన్ కాస్ట్‌లో బొగ్గు కోసం తవ్వేటప్పుడు పైనున్న మట్టినీ రాళ్ళనూ తెచ్చి పోస్తే లేచినవి. కంచె అవతల పోస్తున్న కొత్త గుట్టలు వేరు. ఊరివైపు కంచె బయట ఒక పాత గుట్ట ఉంది. అక్కడ మట్టి పోయడం మానేసి ఏళ్ళయింది. వానలకు గట్టిపడి, గడ్డీ తుమ్మలూ మొలిచి, మేకలు నడిచిన దారి పడింది.

మర్నాడు పొద్దున్నే మన్సూర్ ఆ పిల్లల్ని తిట్టిరావడానికని వెళ్ళాడు. తొమ్మిదింటికి తిరిగి వచ్చాడు. చొక్కా నిండా దుమ్ము, మోచెయ్యి చెక్కుకుపోయింది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఎవరినన్న కొట్టినవా?" అని అడిగాను. మా ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూలోనే, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

"లేదు. పడ్డ." మోచేతికి పసుపు పెట్టించుకుంటూ ఆగకుండా చెప్పుకుపోయాడు. "వాళ్ళు ముందు బ్రేకు గట్టిగ పట్టుకుని దిగుతున్నరు ఆసియా. గట్ల దిగితే బోర్లపడతరు. దిగి చూపెట్టిన. రెండోసారి పడలే. ఇరవై ఏండ్ల సంది సైకిళ్ళు బాగు చేస్తున్న, సైకిలు గింత పని చేస్తదని నాకే తెల్వదు."

ఆ మధ్యాహ్నం మూలపడ్డ సైకిళ్ళను బయటికి తీశాడు. మడ్‌గార్డులు, కారియర్లు, స్టాండ్లు, చైను డబ్బాలు ఊడదీసి పక్కన పెట్టాడు. రిక్షాలకు వేసే మందం టైర్లు ఎక్కించాడు. ఎక్కేటప్పుడు తేలిగ్గా ఉండాలని వెనక చక్రానికి పెద్ద ఫ్రీవీలు వేశాడు. వెడల్పుగా ఉంటుందని పాత మోపెడ్ హ్యాండిల్ కోసి బిగించాడు. సాయంత్రానికి ఒకటి తయారైంది. చూడ్డానికి బొచ్చు గొరిగిన మేకలా ఉంది. వారం తిరిగేసరికి అలాంటివి ఆరు.

పిల్లలకు మూడే నియమాలు పెట్టాడు. తలకు టోపీ లేకుండా సైకిలు ముట్టొద్దు. మొదటి రోజు గుట్టంతా నడిచి, ఎక్కడ రాయి ఉందో ఎక్కడ మెత్తగా ఉందో చూడాలి. పంక్చర్ వేయడం రానివాడికి సైకిలు లేదు. టోపీలకు కొదవ లేదు. బావిలో పనిచేసేవాళ్ళ ప్రతి ఇంట్లో అటక మీద ఒక పాత హెల్మెట్ ఉంటుంది. గడ్డం కింద తాడు కట్టుకుని, తండ్రుల టోపీల్లో మునిగిపోయి, పన్నెండు మంది పిల్లలు రోజూ తెల్లవారగానే గుట్ట వైపు పోయేవాళ్ళు. ఎండ ముదిరేలోగా తిరిగొచ్చేవాళ్ళు.

మే మొదట్లో ఒక రోజు అన్నం తింటూ మా మైమూనా అడిగింది. దానికి పదమూడేళ్ళు.

"అబ్బా, నేను గూడ వస్త."

మన్సూర్ నా వైపు చూశాడు. నేను మన్సూర్ తల్లి వైపు చూశాను. మా అత్త కుబ్రా బేగం ముద్ద కలపడం ఆపింది.

"ఎదిగిన ఆడపిల్ల. మగపోరగాండ్ల మధ్యల గుట్టలెక్కుతదా? బెల్లంపల్లిల నా చెల్లెలు వింటే ఏమంటది?"

"వద్దులే బేటీ," అన్నాడు మన్సూర్ మెల్లగా.

మైమూనా ఏడవలేదు. తల వంచుకుని తింటోంది. నాకెందుకో అది ఏడ్చి ఉంటే ఊరుకునేదాన్నేమో అనిపిస్తుంది. అలా తల వంచుకోవడం నాకు బాగా తెలుసు.

"రేపు పొద్దుగాల లేపుత. పో," అన్నాను.

"ఆసియా," అంది మా అత్త.

"దాని ఈడుల నేను ఏదీ అడగలే. అడగొచ్చని గూడ తెల్వదు నాకు. ఇది అడిగింది. పోనియ్యి."

ఆ రోజు నుంచి మా అత్త నాతో మాట్లాడడం మానేసింది. ఏదైనా చెప్పాలంటే మైమూనాతో చెప్పించేది. "మీ అమ్మకు చెప్పు, పప్పుల ఉప్పు ఎక్కువైందని." నేను పక్కనే ఉండేదాన్ని. మైమూనా ఇటు తిరిగి నాకు చెప్పేది. నేను సరేనంటే అటు తిరిగి దాదీకి చెప్పేది.

మైమూనా వెళ్తోందని తెలిసి కాలనీ నుంచి మరో ముగ్గురు ఆడపిల్లలు వచ్చారు. ఒక పొద్దున బురఖా వేసుకుని నేనూ గుట్ట దాకా నడిచాను. కింద నిలబడి చూస్తే పైనున్న పిల్లలు పిట్టలంత ఉన్నారు. అందులో ఒక పిట్ట బయల్దేరింది. పచ్చ కమీజు. మొదటి మలుపులో దుమ్ము లేచింది, పిల్ల కనిపించలేదు. నేను రెండడుగులు ముందుకేశాను. రెండో మలుపులో మళ్ళీ కనిపించింది, సీటు మీద నుంచి లేచి, మోకాళ్ళు వంచి, గుర్రం మీద ఉన్నట్టు. సాపు నేల మీదికి వచ్చి బ్రేకు వేసి నా ముందు ఆగింది. టోపీ కళ్ళ మీదికి జారింది. పైకి నెట్టుకుని నన్ను చూసి, "అమ్మీ, ఇంకోసారి దిగి వస్త, నిలవడు," అంది. నా జవాబు కోసం ఆగలేదు. సైకిలు నెట్టుకుంటూ అప్పుడే ఎక్కడం మొదలుపెట్టింది.

అలా మూడు వారాలు గడిచాయి. తర్వాత కొమురెల్లి పడ్డాడు.

మామూలు దారి చప్పగా ఉందని, గుట్టకు అటుపక్క వాలులో కొత్తగా దిగబోయాడు. ముందు చక్రం రాయికి తగిలింది. టోపీ ఉండబట్టి తలకు ఏమీ కాలేదు కానీ కుడి ముంజేయి రెండుగా విరిగింది. మన్సూర్ వాణ్ణి ఎత్తుకుని రోడ్డు దాకా పరిగెత్తి, ఆటో ఆపి దవాఖానకు తీసుకుపోయాడు.

సాయంత్రం ఎనిమిది మంది మా దుకాణం ముందు నిలబడ్డారు. ముందు రాయమల్లు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, కనురెప్పల మీద బొగ్గు అలాగే ఉంది. అరవలేదు. అరిచి ఉంటే మాకు తేలికయ్యేది.

"నా కొడుకు బాయిల దిగొద్దని సదివిస్తున్న మన్సూరూ. ఇంట్ల ఒక్కని నడుమిరిగితే చాలనుకున్న. నువ్వేమో గుట్ట మీదికెల్లి పడేస్తివి."

"తప్పయింది అన్నా," అన్నాడు మన్సూర్ చేతులు జోడించి.

"ఇగ మా పిల్లలు రారు," అన్నాడు ఇంకొకాయన. వెనక నుంచి ఎవరో, "ఆడపిల్లలను గూడ ఎక్కించిండు, సిగ్గుండాలె," అన్నారు. ఎవరన్నారో పరదా వెనకున్న నాకు కనిపించలేదు.

మర్నాడు మన్సూర్ దుకాణం తెరవలేదు. ఆరు సైకిళ్ళకూ మళ్ళీ మడ్‌గార్డులు బిగించడం మొదలుపెట్టాడు. ఆ మర్నాడు ఎల్లేశం దగ్గరికి వెళ్ళి, జాగా తీసుకోమని చెప్పి వచ్చాడు. నాకు ఆ మాట మైమూనా చెప్పింది.

నేను పాలూ బ్రెడ్డూ పట్టుకుని మైమూనాతో దవాఖానకు వెళ్ళాను. కొమురెల్లి తల్లి ఐలవ్వ మంచం పక్కన కింద కూర్చుని ఉంది. ఎన్ని మాటలన్నా పడాలని దారి పొడవునా అనుకుంటూ వెళ్ళాను.

"మాఫ్ చెయ్యి అక్కా," అన్నాను.

"కూసో," అంది.

మంచం మీద నుంచి కొమురెల్లి అన్నాడు. "వదినా, తప్పు నాది. అన్న చెప్పిన దారిల దిగలే నేను. నాయినకు గదే చెప్పిన, వింటలేడు."

ఐలవ్వ నా చేతిలో పాలగిన్నె తీసి పక్కన పెట్టింది. "వీళ్ళ నాయిన ఇరవై ఆరేండ్ల సంది బాయిలకు దిగుతుండు చెల్లె. మూడుసార్లు దెబ్బ తాకింది. ఒకసారి నలభై రోజులు గిదే దవాఖానల ఉన్న నేను. గప్పుడు ఒక్కడన్న మా ఇంటి ముందుకొచ్చి, రాయమల్లూ ఇగ దిగకు అన్నడా? మానంగనే పోయిండు. అందరు గట్లనే పోతరు. ఇంటికి బువ్వ కావాలె గద. నా పోరడు జర నవ్వుకుంట గుట్ట ఎక్కితే ఎనిమిది మంది పంచాయితి పెట్టిన్రా?"

కొమురెల్లి దుప్పటి సర్ది మళ్ళీ నా వైపు తిరిగింది.

"మళ్ళ ఎప్పుడు మొదలువెడ్తరు?" అంది.

"పెట్టరక్కా. దుకాణమే ఇచ్చేస్తున్నరు."

"ఎవరిచ్చేది? నువ్వు ఇయ్యమన్నవా?"

లేదన్నాను.

"మరి ఇయ్యొద్దని చెప్పు. పిల్లలు పడితే పట్టనీకి గుట్ట మీద మంది లేరు, గంతే. నేనొస్త. మలుపు కాడ నిలవడ్త. మా క్వార్టర్ల లైనుల ఆడోళ్ళను ఇంకో నలుగురిని తెస్త. పడితే లేపనీకి మనుషులుంటే ఏంది ఫికర్?"

ఇంటికి వచ్చేసరికి దుకాణం తలుపులు తెరిచి ఉన్నాయి. పరదా అవతల మాటలు వినిపించాయి. ఎల్లేశం బోర్డు రాసే మనిషిని వెంటబెట్టుకొచ్చి గుమ్మం పైన కొలతలు తీయిస్తున్నాడు. మన్సూర్ పానాల పెట్టె మీద కూర్చుని నేల చూస్తున్నాడు. నేను బురఖా ఇంకా తీయలేదు. పరదా పక్కకు జరిపి దుకాణంలోకి నడిచాను. నేల నూనెతో జిగటగా ఉంది, చెప్పు అంటుకుంది. అది మాత్రం బాగా గుర్తు.

"బోర్డు వద్దు సేటు," అన్నాను. "జాగ ఇస్తలేం."

ఎల్లేశం నన్ను కాక మన్సూర్‌ను చూశాడు. "ఇదేంది భాయ్? మాట ఇచ్చి ఇంట్లోళ్ళతోని అనిపిస్తున్నవా?"

మన్సూర్ తలెత్తాడు. నన్ను ఆ నేల మీద మొదటిసారి చూస్తున్నాడు. బోర్డు మనిషి నిచ్చెన మీదే ఆగిపోయాడు.

"ఆమె చెప్పిందే మాట సేటు," అన్నాడు చివరికి.

"సైకిళ్ళు నమ్ముకుంటే మట్టి తింటరు. ఆర్నెల్లల్ల మీరే నా దగ్గరికి వస్తరు."

"మేం రాం," అన్నాను. "నీ మోపెడ్లకు గాలి కావాలంటే నువ్వు రా. కొడ్తం."

జూన్ మొదటి ఆదివారం పందెం పెట్టాం. మన్సూర్ ఆ ఆరింటికీ మళ్ళీ మడ్‌గార్డులు తీసి, అద్దె సైకిళ్ళలో ఇంకో ఎనిమిదింటిని గుట్టకు తయారుచేశాడు. వారం ముందు నుంచే ఐలవ్వా, ఆమె లైనులోని ఆడవాళ్ళూ గోనెసంచుల్లో ఎండుగడ్డి కుక్కి మలుపుల దగ్గర పేర్చారు. కొందరు తండ్రులు వద్దన్నారు. వద్దన్నవాళ్ళ పిల్లలు కూడా కొందరు వచ్చారు, తల్లులు పంపారు. మొత్తం పద్నాలుగు మంది. అందులో ఆడపిల్లలు నలుగురు. ఆడపిల్లలకు వేరే పందెం పెడదామని ఎవరో అంటే ఐలవ్వ, "గుట్ట ఒక్కటే ఉన్నది గద," అంది.

పొద్దున మేం వెళ్ళేసరికి గుట్ట మీద అప్పటికే ఒక మనిషి ఉన్నాడు. రాయమల్లు. గడ్డపారతో దారి పక్కన రాళ్ళను ఒక్కొక్కటీ తట్టి, చప్పుడు విని, కదిలేవాటిని పెకిలించి కిందికి దొర్లిస్తున్నాడు. రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోకుండా వచ్చాడట. మన్సూర్ దగ్గరికి వెళ్తే అతని మొహం చూడకుండా అన్నాడు.

"కింద మేం పైకప్పు గిట్లనే తట్టి చూస్తం. వదులు రాయి చప్పుడుల దొరుకుతది. నీకు గిది తెల్వదు. నన్ను అడుగుతె చెప్పకపోదునా?"

"అడగాల్సింది అన్నా," అన్నాడు మన్సూర్.

"ఇగ ముందు అడుగు."

చేతికి కట్టుతో కొమురెల్లి విజిల్ వేశాడు. పద్నాలుగు సైకిళ్ళు ఒక్కసారి దుమ్ములోకి దూకాయి. నేను రెండో మలుపు దగ్గర ఉన్నాను. మొదట ముగ్గురు పిల్లలు నా ముందు నుంచి గాలిలా పోయారు. నాలుగోది మైమూనా. మలుపు తిరుగుతూ వెనక చక్రం జారి పడింది. ఎటో వెళ్ళకుండా సంచుల మీదే పడింది. నేను లేపబోయాను.

"ముట్టకు అమ్మీ," అంది. చైను ఊడింది. సైకిలు తిరగేసి, చైను పళ్ళ మీద పెట్టి, పెడల్ ఒక్క చుట్టు తిప్పింది. ఆ వేళ్ళు మన్సూర్ వేళ్ళలాగే నల్లబడి ఉన్నాయి. అంతలో ఇంకా ఎంతమంది దాటిపోయారో నేను లెక్కపెట్టలేదు. అది మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయింది.

కింద చప్పట్లు వినిపిస్తుంటే వంగి చూశాను. సాపు నేల చివర, జనానికి దూరంగా, రాయి మీద నల్ల బురఖాలో ఒక ముసలామె గొడుగు పట్టుకుని కూర్చుంది. మా అత్త ఇంట్లో ఉందనుకున్నాను. మైమూనా గీత దాటాక ఆమె లేచి, గొడుగు ముడిచి, ఎవరికోసమూ ఆగకుండా రోడ్డు వైపు నడిచిపోయింది. ఇంటికి వెళ్ళాక నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పందెం తర్వాత మా దుకాణానికి సైకిళ్ళు రావడం మొదలైంది. మోపెడ్లు కొన్నాక ఇంటి వెనక తుప్పు పట్టిన సైకిళ్ళను తండ్రులే మోపెడ్ వెనక కట్టుకుని తెచ్చేవాళ్ళు. "మా వాడు గుట్ట సైకిల్ చేపియ్యమని సంపుతుండు," అని విసుక్కుంటూ దింపేవాళ్ళు. రోడ్ల మీద మోపెడ్లే గెలిచాయి, కాదనను. గుట్ట మీద మాత్రం ఏ ఎండాకాలమూ అవి మా దరిదాపులకు రాలేదు. ఆ ఏటి నుంచి రిమ్ములకు బెండు తీసే పని నాదైంది. పచ్చ పరదా ఉతికి మైమూనాకు పందెం రోజుల్లో మోకాళ్ళకు కట్టుకునే పట్టీలు కుట్టాను.

వానలు పడ్డాక జూలైలో బెల్లంపల్లి వెళ్ళాం, మా అత్త చెల్లెలి మనవరాలి నిశ్చితార్థానికి. ఆడవాళ్ళందరం లోపలి గదిలో చాపల మీద కూర్చున్నాం. మైమూనా మోకాలి మీద ఇంకా మానని గాయం ఉంది. సల్వారు ఉన్నా కూర్చునేటప్పుడు మోకాలు మడవలేక కాలు చాపింది. మా అత్త చెల్లెలు అది చూసింది. పాన్ చుడుతూ అందరూ వినేలా అంది.

"అక్కా, మీ మైమూనా సైకిల్ మీద కూసుంటదటగద? ఖనిల అందరు చూస్తున్నరట. రేపు దీన్ని ఎవరు చేసుకుంటరు?"

మైమూనా కాలు వెనక్కి లాక్కుంది. నేను నోరు తెరవబోయాను.

"కూసుంటదని ఎవరు చెప్పిన్రు నీకు?" అంది మా అత్త. "గుట్ట మీదికెల్లి దిగుతది. చెప్పేదుంటె సక్కగ చెప్పు." అంటూనే నా వైపు తిరిగింది. రెండు నెలల తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట అది. "ఆసియా, మన పిల్ల ఎన్నో నంబర్ వచ్చింది?"

"ఆరో నంబర్," అన్నాను.

"పద్నాలుగు మందిల ఆరు," అంది మా అత్త, చెల్లెలి చేతిలోంచి పాన్ తీసుకుని. "అది గూడ పడి, లేచి, చైను ఎక్కిచ్చుకుని. ఇగ నువ్వు చెప్పు. నీకు మనుమండ్లు అయిదుగురున్నరు. ఒక్కడన్న దిగిండా?"